వలకి చిల్లు పెట్టుకున్న జాలరి

ముందే చెప్తున్నా, ఈ టపా కొంచెం పొడుగు. రొయ్యల గురించి, తాబేళ్ళ గురించి, వాటి మధ్యలో ఒక ఇనుప జల్లెడ గురించి. ఓపిక ఉన్నవాళ్ళు టీ పక్కన పెట్టుకుని కూర్చోండి. లేనివాళ్ళు చివరి రెండు పేరాలు చదివేసి నన్ను తిట్టుకోవచ్చు :)

మన ఫీల్డులో నిజంగా పనికొచ్చే టూల్సు చాలావరకు ఎవరో ఒకరు తన పని తేలిక చేసుకోవడానికి రాసుకున్నవే. ఎవరికో బిల్డు చేత్తో చేసీ చేసీ విసుగొస్తుంది, ఓ స్క్రిప్టు రాసుకుంటాడు. ఏడాది తిరిగేసరికి టీమంతా అదే వాడుతుంటుంది. అసలు తంటా ఆ తర్వాత మొదలవుతుంది. పైనుంచి ఎవరో దాన్ని 'స్టాండర్డు' చేస్తారు, కమిటీ కూర్చుంటుంది, బరువు పెరుగుతుంది, ఫలానా తేదీ నుంచి అందరూ వాడి తీరాలని మెయిలు వస్తుంది. నిన్నటిదాకా ఇష్టంగా వాడినవాడు కూడా ఇవాళ తప్పించుకునే దారి వెతుకుతాడు.

సముద్రంలో వేటకీ దీనికీ ఏంటి సంబంధం అంటారా? వద్దనుకున్నవి వలలో పడకుండా చూడటం అనే సమస్య చరిత్ర చదువుతుంటే నాకు అడుగడుగునా ఇదే కథ కనిపించింది. ఒక్కటే తేడా. మన దగ్గర పోయేది డెడ్‌లైను. అక్కడ పోయేది ఒక జాతి, లేదా ఒక ఇంటి సంపాదన.

సమస్య ఏంటి?

రొయ్యల వేటకి వాడే ట్రాలు వల ఒక పెద్ద గరాటా లాంటిది. నోటి దగ్గర రెండు పక్కలా రెండు బరువైన పలకలు ఉంటాయి. పడవ ముందుకు లాగుతుంటే నీటి ఒత్తిడికి ఆ పలకలు దూరంగా జరిగి వల నోరు తెరుచుకుంటుంది. అడుగున నేలని రాసుకుంటూ పోయే గొలుసుకి అదిరి బురదలో దాక్కున్న రొయ్యలు పైకి ఎగురుతాయి, వలలో పడతాయి, చివరనున్న సంచిలోకి చేరతాయి. రొయ్య చిన్నది కాబట్టి వల కన్ను కూడా చిన్నదే. కన్ను చిన్నదైతే ఏమవుతుంది? దారిలో ఉన్నదల్లా వస్తుంది. చేప పిల్లలు, పీతలు, జెల్లీఫిష్‌లు, టేకు చేపలు, పాములు, తాబేళ్ళు. మన భాషలో చెప్పాలంటే ఇది వేర్ క్లాజు లేని సెలెక్ట్ స్టార్ :) ఇలా అడక్కుండా వచ్చిపడే సరుకునే బైక్యాచ్ అంటారు.

ఎంత పడుతుంది? ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ కోసం 1994లో చేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా పట్టి మళ్ళీ సముద్రంలోకి విసిరేసే సరుకు సుమారు 2.7 కోట్ల టన్నులు. అదే సంస్థ 2005లో వేరే పద్ధతిలో లెక్క వేసి 73 లక్షల టన్నులంది. 2019లో వచ్చిన అంచనా 91 లక్షల టన్నులు. లెక్కించిన పద్ధతులు వేరు కాబట్టి పక్కపక్కన పెట్టి 'ఇంత తగ్గింది' అనడానికి లేదు. కానీ 2005 నివేదికలో ఒక సంగతి గమనించాల్సింది. ఆ పారేసిన సరుకులో పావు వంతు కంటే ఎక్కువ ఒక్క ఉష్ణమండలపు రొయ్యల ట్రాలింగుదే. రొయ్య ఖరీదైనది, మిగతాది చవకది. పడవలో చోటు తక్కువ. ఏది ఉంచుకుంటారో, ఏది పారేస్తారో చెప్పక్కర్లేదు.

తాబేలు సంగతి ఇంకా ఘోరం. అది గాలి పీల్చే జీవి. మామూలుగా చాలాసేపు నీటి కింద ఉండగలదు గానీ వలలో చిక్కుకుని గింజుకుంటే ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది. ట్రాలు లాగుడు గంట దాటితే చచ్చిపోయే తాబేళ్ళ శాతం బాగా పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. రొయ్యల పడవలు కొన్నిసార్లు గంటల తరబడి లాగుతాయి.

నలభై వేల నుంచి ఏడు వందలకి

1947 జూన్ 18న మెక్సికోలోని రాంచో న్యూవో అనే తీరంలో ఆంద్రేస్ హెర్రేరా అనే ఆయన ఓ చిన్న సినిమా తీశాడు. పట్టపగలు వేలకి వేల తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒకేసారి ఒడ్డుకి వచ్చిన దృశ్యం అది. ఆ ఫిల్ము చాలా ఏళ్ళు ఎవరికీ పట్టలేదు. 1960ల్లో శాస్త్రవేత్తల కంట పడ్డాక ఆ ఒక్క రోజు ఒడ్డుకి వచ్చినవి సుమారు 40 వేలని అంచనా వేశారు. ఆ జాతి పేరు కెంప్స్ రిడ్లీ. మన తూర్పు తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లీకి దగ్గర చుట్టం. 1985లో అదే తీరంలో లెక్క పెడితే దొరికినవి 702 గూళ్ళు. తాబేళ్ళు కాదు, గూళ్ళు. ఒక్కో ఆడ తాబేలు ఒక్క సీజన్లో ఒకటి కంటే ఎక్కువ గూళ్ళు పెడుతుంది కాబట్టి తాబేళ్ళు ఇంకా తక్కువ.

ఒడ్డున గుడ్లు దోచుకోవడం ఒక కారణం. దాన్ని ఆపడానికి మెక్సికో ప్రభుత్వం 1966 నుంచే కాపలా పెట్టింది. అయినా సంఖ్య పడిపోతూనే ఉంది. గుడ్లని కాపాడితే సరిపోలేదు, తల్లులు సముద్రంలో చచ్చిపోతున్నాయి. 1990లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ కమిటీ తేల్చిందేమిటంటే, అక్కడి నీళ్ళలో పెద్ద తాబేళ్ళ చావుకి మనిషి వల్ల కలిగే మిగతా కారణాలన్నీ కలిపినా రొయ్యల ట్రాలింగంత కాదని. ఏడాదికి 5 వేల నుంచి 50 వేల దాకా లాగర్‌హెడ్ తాబేళ్ళు, 500 నుంచి 5 వేల దాకా కెంప్స్ రిడ్లీలు వలల్లో పోతున్నాయని వాళ్ళ అంచనా.

జెల్లీఫిష్ తెచ్చిన పరిష్కారం

ఇప్పుడు కథలో అసలు హీరో వస్తాడు. జార్జియా రాష్ట్రంలో డేరియన్ అనే చిన్న ఊరు. సింకీ బూన్ అనే రొయ్యల జాలరి. 1960ల చివర ఆయనకి వచ్చిన తలనొప్పి తాబేళ్ళు కాదు, జెల్లీఫిష్‌లు. ఫిరంగి గుండులా గుండ్రంగా ఉండే ఒక రకం జెల్లీఫిష్‌లు సీజన్లో వలనిండా పడిపోయేవి. వల బరువెక్కి లాగలేక డీజిలు తగలబడేది. రొయ్యలు నలిగిపోయేవి. వల పైకి తీశాక ఆ జిగట కుప్పలోంచి రొయ్యలు ఏరుకోవడం ఇంకో నరకం.

బూన్ చేసింది చాలా మామూలు పని. వల సంచికి కొంచెం ముందు ఒక ఇనుప కడ్డీల చట్రాన్ని ఏటవాలుగా బిగించాడు. దాని దగ్గరే వలకి ఓ చిల్లు పెట్టాడు. రొయ్యలు కడ్డీల సందుల్లోంచి దూరి సంచిలోకి పోతాయి. పెద్దవి కడ్డీలకి తగిలి, ఏటవాలు వెంట జారి, చిల్లులోంచి బయటికి పోతాయి. అంతే. కరెంటు లేదు, స్ప్రింగు లేదు, తిరిగే భాగం ఒక్కటీ లేదు. జెల్లీఫిష్‌ని పంపే చిల్లులోంచి తాబేలు కూడా పోతుంది కదా. ఆయన పరికరానికి 'జార్జియా జంపర్' అని పేరొచ్చింది.

ఇంకో విచిత్రం చూడండి. అట్లాంటిక్‌కి అవతల ఒడ్డున, నార్వేలోని నార్డ్‌మోర్ ప్రాంతంలో పాల్ బ్రాటోయ్ అనే జాలరి కూడా 1980ల్లో దాదాపు ఇలాంటి చట్రమే చేసుకున్నాడు. ఆయన బాధ కూడా జెల్లీఫిష్‌లే! అది చేప పిల్లల్ని కూడా బయటికి పంపుతోందని అక్కడి శాస్త్రవేత్తలు గమనించి మెరుగుపరిచారు. 1990ల మొదట్లో నార్వే దాన్ని తప్పనిసరి చేసింది. 'నార్డ్‌మోర్ గ్రిడ్' పేరుతో ఉత్తర అట్లాంటిక్ రొయ్యల వేటలో అది మామూలు సామాను అయిపోయింది. అక్కడ పెద్ద గొడవ లేకుండా జరిగిపోవడానికి నాకు తోచిన కారణం ఒకటుంది. చేప పిల్లలు ఎక్కువ పడుతున్న చోట రొయ్యల వేటనే ఆపేయడం నార్వేలో పద్ధతి. గ్రిడ్ పెట్టుకోవడం అంటే ఆ మూతపడ్డ నీళ్ళలోకి మళ్ళీ వెళ్ళగలగడం. అంటే అది శిక్ష కాదు, తాళంచెవి.

అమెరికాలో ఏమైందంటే...

అక్కడ దారి వేరేలా పడింది. 1973 నాటి అంతరించే జాతుల చట్టం కింద 1978కల్లా అక్కడి సముద్ర తాబేళ్ళన్నీ రక్షణ జాబితాలోకి వచ్చాయి. నేషనల్ మెరైన్ ఫిషరీస్ సర్వీస్ ఒక పరికరం తయారు చేసింది. దాన్నే టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్, పొట్టిగా టెడ్ అన్నారు. పరీక్షల్లో 97 శాతం తాబేళ్ళని బయటికి పంపింది. టెస్టు రిపోర్టు చూస్తే బ్రహ్మాండం. కాకపోతే అది పెట్టె ఆకారంలో ఉండే 40 కిలోలకి పైబడ్డ ఇనుప సామాను. ఊగిపోయే పడవ మీద దాన్ని ఎత్తి దించాల్సింది రిపోర్టు రాసినవాళ్ళు కాదు కదా! 1980ల మొదట్లో స్వచ్ఛందంగా వాడండని ప్రచారం చేశారు. చాలా కొద్దిమందే వాడారు.

పర్యావరణ సంఘాలు కోర్టుకి వెళ్తామన్నాయి. 1986లో అందరినీ కూర్చోబెట్టి రాజీ చేయాలని చూశారు, కుదరలేదు. 1987లో నిబంధన వచ్చింది. దాంట్లో ప్రభుత్వపు టెడ్‌తో పాటు జార్జియా జంపర్‌కీ, కేమరన్, మాటగోర్డా, మోరిసన్ అనే ఇంకో మూడింటికీ ఆమోదం దొరికింది. అంటే ప్రభుత్వపు బరువు పెట్టె వద్దనుకున్నవాళ్ళకి తేలికవి దొరికాయి. కానీ అప్పటికే మాట చెడిపోయింది. లూసియానా రాష్ట్రమైతే తమ అధికారులు ఈ నిబంధన అమలు చేయకూడదని ఏకంగా చట్టమే చేసింది. అది 2015 దాకా ఉంది!

జాలర్ల కోపంలో న్యాయం లేదని నేను అనను. డీజిలు ధర, అప్పులు, ఈక్వడార్ నుంచీ చైనా నుంచీ వచ్చిపడుతున్న చెరువు రొయ్యలు. వాళ్ళ రొయ్యకి ధర లేదు. పైగా వలకి చిల్లు పెట్టుకోమంటున్నారు. 'నేను ఏడాదికి ఒక్క తాబేలు కూడా చూడను' అని చాలామంది అన్నారు. అది అబద్ధం కాకపోవచ్చు. కొన్ని వేల పడవలు. ఒక్కో పడవకి ఏడాదికి ఒకటో రెండో పడితే ఎవరికీ అది సమస్యగా కనపడదు. మొత్తం కూడితే ఒక జాతి ఖాళీ. ఒక్కో సర్వర్లో పదివేల రిక్వెస్టులకి ఒకటి ఫెయిలైతే ఎవడూ లాగు తెరిచి చూడడు, అలాంటిదే ఇది.

1989 జులైలో సముద్రపు నాచు టెడ్‌లకి అడ్డం పడి వలలు పూడుకుపోతున్నాయని అమలు ఆపారు. మళ్ళీ మొదలుపెట్టారు. జులై 22న టెక్సస్, లూసియానా రేవుల్లో జాలర్లు పడవలు అడ్డం పెట్టి ఓడల దారులు మూసేశారు. వాణిజ్య మంత్రి మళ్ళీ వెనక్కి తగ్గాడు. సంఘాలు కోర్టుకి వెళ్ళాయి. కొన్నాళ్ళు టెడ్‌కి బదులు లాగుడు సమయం మీద పరిమితి పెట్టారు, చివరికి మళ్ళీ టెడ్ దగ్గరికే వచ్చారు. రిలీజు, రోల్‌బ్యాక్, మళ్ళీ రిలీజు.

అంతా అయ్యాక ఒక బగ్ బయటపడింది. టెడ్‌లకి ఆమోదం ఇచ్చే పరీక్షల్లో వాడినవి పెంచి తెచ్చిన చిన్న తాబేళ్ళు. నిజం సముద్రంలో తిరిగే పెద్ద లాగర్‌హెడ్‌లూ, లెదర్‌బ్యాక్‌లూ ఆ చిల్లులో పట్టడం లేదు. గుడ్లు పెట్టే వయసుకి వచ్చిన తాబేలే కదా అన్నిటికంటే విలువైనది! 2003లో చిల్లు పెద్దది చేయాలని నిబంధన మార్చారు. టెస్టు డేటా ప్రొడక్షన్ డేటాలా ఉండకపోతే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా.

ఫలితం ఉందా? ఉంది. 702 గూళ్ళకి పడిపోయిన కెంప్స్ రిడ్లీ 2009లో 20 వేలు దాటింది. అందులో మెక్సికో ఒడ్డు కాపలా వాటా, టెడ్ వాటా ఎంతెంతో విడదీయడం కష్టం. 2010లో ఒక్కసారిగా మళ్ళీ పడింది కాబట్టి 'సమస్య తీరిపోయింది' అనడానికీ లేదు. ఆస్ట్రేలియా ఉత్తర తీరపు రొయ్యల వేట ఇంకా స్పష్టమైన ఉదాహరణ. అక్కడ ఏటా 5 వేలకి పైగా తాబేళ్ళు వలల్లో పడేవి. 2000లో టెడ్ తప్పనిసరి అయ్యాక అది 200 లోపుకి వచ్చింది.

మన పేరు ఎక్కడొచ్చిందంటే

అమెరికా జాలర్లు ఇంకో న్యాయమైన మాట కూడా అడిగారు. 'మా వలకి చిల్లు పెట్టి, చిల్లు లేని వలతో పట్టిన విదేశీ రొయ్యని దిగుమతి చేసుకుంటే తాబేలుకి ఒరిగేదేంటి?' దాని ఫలితమే 1989లో వచ్చిన సెక్షన్ 609. తాబేళ్ళని కాపాడే ఏర్పాటు లేని దేశాల నుంచి సముద్రపు రొయ్య కొనకూడదని. మొదట అది కరీబియన్ చుట్టుపక్కల దేశాలకే వర్తించింది. ఒక పర్యావరణ సంస్థ వేసిన కేసులో 1995 డిసెంబరులో కోర్టు ప్రపంచమంతటికీ వర్తింపజేయమంది. 1996 మే 1 నుంచి అమలు.

ఇండియా, పాకిస్తాన్, మలేసియా, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకి వెళ్ళాయి. (ఇండియా, పాకిస్తాన్ ఒకే పక్కన ఉండటం చూడాలంటే రొయ్యలే దిక్కు కాబోలు!) 1998 మేలో ప్యానెల్ అమెరికా తప్పంది. అదే ఏడు అక్టోబరు 12న అప్పీలు తీర్పు వచ్చింది.

మన వాళ్ళలో ఈ తీర్పు గురించి రెండు కథలు వినపడతాయి. 'అమెరికా పెత్తనాన్ని మనం ఓడించాం' అనేది ఒకటి. 'వ్యాపారం కోసం తాబేళ్ళని బలిపెట్టారు' అనేది ఇంకోటి. 1999లో సియాటిల్‌లో తాబేలు వేషాలు వేసుకుని ఊరేగినవాళ్ళది రెండో కథ. నాకు రెండూ సగం సగమే అనిపిస్తాయి. అప్పీలు తీర్పు చెప్పింది ఇది: తాబేళ్ళని కాపాడటానికి దిగుమతుల మీద ఆంక్ష పెట్టే హక్కు ఉంది. కానీ పెట్టిన తీరు అన్యాయం. కరీబియన్ దేశాలకి మూడేళ్ళ గడువిచ్చి, ఆసియా దేశాలకి నాలుగు నెలలే ఇచ్చారు. వాళ్ళతో కూర్చుని ఒప్పందం మాట్లాడారు, వీళ్ళతో మాట్లాడలేదు. అమెరికా తన పద్ధతులు సవరించుకుంది, చట్టాన్ని మాత్రం తీసేయలేదు. మలేసియా మళ్ళీ కేసు వేసి 2001లో ఓడిపోయింది. అంటే మనం గెలిచింది 'ఎలా' అనే విషయంలో, ఓడింది 'ఏమిటి' అనే విషయంలో. గెలుపు సంబరంలో ఆ రెండో భాగం ఎవరూ చదవలేదు.

వైజాగ్ లెక్క వేరు

ఇప్పుడు మన ఒడ్డుకి వద్దాం. 1950ల్లో కేరళలో మొదలైన ఇండో-నార్వేజియన్ ప్రాజెక్టుతో మన దేశంలో మరబోట్ల వేట ఊపందుకుంది. 1960ల కల్లా ట్రాలు వలతో రొయ్యలు పట్టి డాలర్లకి అమ్మడం పెద్ద వ్యాపారమైంది. నార్వే సాయంతో వేట అయితే వచ్చింది గానీ, తర్వాత నార్వే జాలరి చేసుకున్న జల్లెడ రాలేదు. చరిత్రలో ఇలాంటి ఎగతాళి చాలా ఉంటుంది.

విశాఖపట్నం రేవు నుంచి పెద్ద ట్రాలర్లు ఉత్తరాన బెంగాల్ దాకా వెళ్ళి వారాల తరబడి రొయ్యలు పట్టేవి. 1980ల్లో వాటి పద్ధతి ఏంటంటే, రొయ్య తల తీసి ఫ్రీజర్లో పెట్టడం, మిగతా చేపలో చాలా భాగం సముద్రంలో పారేయడం. ఫ్రీజర్లో అంగుళం కూడా చవక చేపకి ఇవ్వలేరు. తర్వాత రొయ్యలు తగ్గాయి, చేపకి గిరాకీ పెరిగింది. చిన్న బోట్లకైతే దేనికైనా కొనేవాడు దొరికాడు. మంచి చేప బజారుకి, కొంచెం చిన్నది ఎండుచేపలకి, అస్సలు పనికిరానిది చేపల పిండి మిల్లుకి. ఆ పిండి కోళ్ళ మేతలోకీ, రొయ్యల చెరువుల మేతలోకీ. ప్రపంచంలో పారేసే సరుకు తగ్గిందని 2005 నివేదిక అన్నప్పుడు చెప్పిన కారణాల్లో ఇదొకటి. పట్టడం తగ్గలేదు, పారేయడం తగ్గింది.

నా దృష్టిలో మొత్తం కథలో ఇదే ముఖ్యమైన మెలిక. సింకీ బూన్‌కి జెల్లీఫిష్ శుద్ధ నష్టం. దాన్ని బయటికి పంపే చిల్లు ఆయనకి లాభం. మన బోటు మీద సరంగుకీ కలాసీలకీ వలలో పడ్డ ప్రతిదీ ఎంతో కొంత డబ్బు. పెద్ద చేప, టేకు చేప కూడా కడ్డీలకి తగిలి బయటికి పోతే వాళ్ళ వాటాలోంచి పోయినట్టే. 'వద్దనుకున్న సరుకు' అనే మాటకే అక్కడ అర్థం లేదు. వాళ్ళకి వద్దనిపించేది తాబేలు ఒక్కటే. అది రోజూ పడదు.

కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ వాళ్ళు మన చిన్న బోట్లకి సరిపోయేలా ఒక టెడ్ తయారు చేశారు. మంచి పనే. పరీక్షల్లో రొయ్యల నష్టం చాలా తక్కువ, చేపల నష్టం కొంచెం. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల సంస్థ వాటిని మన రాష్ట్రంతో సహా తూర్పు తీరంలో ఉచితంగా పంచింది కూడా. అయినా వాడకం పెరగలేదు. తనిఖీకి వచ్చినప్పుడు బిగించి, వెళ్ళాక విప్పేస్తే ఎవరు చూస్తారు? 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యని కొనడం ఆపేసింది. కారణం అదే, టెడ్ లేదని.

దీని దెబ్బ మన రాష్ట్రంలో పెద్దగా వార్త కాలేదు. ఎందుకంటే భీమవరం నుంచీ నెల్లూరు నుంచీ అమెరికాకి వెళ్ళేది దాదాపు అంతా చెరువు వనామి. చెరువులో తాబేలు ఉండదు కాబట్టి ఆంక్ష వర్తించదు. దెబ్బ తగిలింది వైజాగ్, కాకినాడ బోట్లకి. రాష్ట్రానికి డాలర్లు ఆగలేదు, బోటువాడికి ధర పోయింది. అందుకే ఎవరికీ తొందర లేదు.

తాబేళ్ళు మాత్రం వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. ఆలివ్ రిడ్లీలు గుంపులుగా గుడ్లు పెట్టేది ఒడిశాలో గహిర్మాథ, రుషికుల్య తీరాల్లో. అక్కడికి వెళ్ళేవి మన నీళ్ళ మీదుగా పోతాయి, కొన్ని శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన ఇసుకలోనే గుడ్లు పెడతాయి. వేసవి వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. తాబేళ్ళు ఒడ్డుకి దగ్గరగా తిరిగేది అంతకు ముందు నెలల్లో. 2025 జనవరిలో చెన్నై తీరంలో వందల కొద్దీ కళేబరాలు కొట్టుకొచ్చాయి. అదే నెలలో కాకినాడ వైపు కూడా కొట్టుకొస్తే రాష్ట్ర ప్రభుత్వం విచారణకి ఆదేశించింది. చట్టంలో అయితే తాబేలుకీ పులికీ ఒకటే షెడ్యూలు.

మరి ఏం చేయాలి?

నా మటుకు నాకు ఈ చరిత్ర చెప్పేది ఒక్కటే. జల్లెడ కనిపెట్టడం కష్టం కాదు, అది దశాబ్దాల క్రితమే అయిపోయింది, అదీ ఇద్దరు జాలర్ల చేతుల్లో. కష్టమల్లా ఆ చిల్లులోంచి పోయే డబ్బు ఎవరిదో తేల్చడం. నార్వేలో గ్రిడ్ పెట్టుకున్నవాడికి కొత్త నీళ్ళు దొరికాయి. అమెరికాలో జాలరి మీద రుద్దారు, అతను రేవులు మూశాడు. మన దగ్గర ఉచితంగా ఇచ్చారు, అతను తీసుకుని షెడ్డులో పెట్టాడు. డబ్బు సంగతి తేల్చకుండా పరికరం మాత్రమే ఇస్తే ఎక్కడైనా జరిగేది ఇదే.

ఎగుమతి మార్కెట్ తెరుచుకుంటే లాభం కొనుగోలుదారుకీ, ఎగుమతిదారుకీ, ప్రభుత్వానికీ. అలాంటప్పుడు టెడ్ పెట్టిన బోటు రొయ్యకి కిలోకి కొంత ఎక్కువ ధర ఆ గొలుసులోంచే రావాలి. తాబేళ్ళ నెలల్లో టెడ్ ఉన్న బోటుకి కొన్ని నీళ్ళు తెరిచి, లేనిదానికి మూయొచ్చు. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్లు తెప్పలవాళ్ళదే అన్న నిబంధనని ముందు నిజంగా అమలు చేస్తే అదే సగం పని. కడ్డీల మధ్య సందు ఎంత ఉండాలి, చిల్లు పైనుండాలా కిందుండాలా అన్నది సరంగులతో కూర్చుని తేల్చాలి, పరీక్ష వాళ్ళ బోటు మీద వాళ్ళ చేతే చేయించాలి. జార్జియా జంపర్ గెలిచింది తెలివైన డిజైన్ అని కాదు, రోజూ దాన్ని ఎత్తి దించేవాడు చేసుకున్నది కాబట్టి.

'నెలకి పది వేలు కూడా మిగలని కలాసీ కంటే నీకు తాబేలు ఎక్కువా?' అని ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. ఎక్కువ కాదు. కానీ ఆ కలాసీ కొడుక్కి వలలో పడాల్సిన చేప పిల్లలు ఇవాళ పిండి మిల్లుకి పోతున్నాయి కదా, అది ఎవరి లెక్కలో రాయాలి? ఆ ఖర్చు కూడా ప్రస్తుతానికి అతని పేరు మీదే పడుతోంది, అతన్ని అడక్కుండానే. మీరేమంటారు?